పచ్చచుక్క చెడిన కంటికి శుక్లము తీయవచ్చునా?

ఒక వీథిలో ఇద్దరు వృద్ధులు కలరనుకొందము. ఇద్దరికిని డెబ్బది యేండ్లు దాటినవి. ఇద్దరి కండ్లలోను శుక్లములు ముదిరినవి. ఒకే ఆసుపత్రిలో, ఒకే డాక్టరు చేత ఇద్దరును శస్త్రచికిత్స చేయించుకొనిరి. నెల గడచిన పిమ్మట మొదటి వృద్ధుడు అరుగు మీద కూర్చుండి వార్తాపత్రిక చదువుచున్నాడు. రెండవ వృద్ధుడు మాత్రము, "వాకిలి, చెట్లు, గోడలు అన్నియు తేటగానే ఉన్నవి. కాని అక్షరము మీద చూపు నిలిపితినా, ఆ అక్షరమే మాయమగుచున్నది. ఎదుటివాని మొగము గుర్తుపట్టలేకున్నాను. ఆపరేషను చెడిపోయినది" అని వాపోవుచున్నాడు.

ఆపరేషను నిజముగా చెడిపోయినదా? ఇట్టి సందర్భములలో పెక్కింటిలో చెడి యుండదు. డాక్టరు చేసిన పని కంటి ముందుభాగమున జరిగినది. రోగి చెప్పుకొను బాధ కంటి వెనుకభాగమునకు చెందినది. ఈ రెంటికిని గల తేడా శస్త్రచికిత్సకు ముందే తెలిసికొనియున్న యెడల ఆ వృద్ధునకు నిరాశ కలుగకపోవును. కొన్ని వేళల, మిగిలియున్న చూపును కాపాడుకొనుటకు అవకాశము కూడ దొరకియుండును. ఆ తేడా ఏమో ఈ వ్యాసమున పరిశీలింతము.

కటకము, ఫిల్ము

కంటిని కెమేరాతో పోల్చి చెప్పుట పాఠశాలలలో వాడుక. ఈ పోలికను కొంచెము ముందునకు సాగింతము. ఛాయాచిత్రము చక్కగా రావలెనన్న రెండు వస్తువులు బాగుండవలెను. ఒకటి ముందున్న కటకము. రెండవది వెనుకనున్న ఫిల్ము. నేటి కెమేరాలలో ఫిల్మునకు బదులు కాంతిని గ్రహించు పలక ఉండును. విషయము మాత్ర మొక్కటియే. కటకము మసకబారినచో దానిని మార్చవచ్చును. ఫిల్ము నడుమ మరక ఉన్నచో, ఎంత మేలైన కటకమును బిగించినను బొమ్మ నడుమనున్న మరక పోదు.

మన కంటి కటకము ఐరిస్ అను రంగుతెరకు వెనుక ఉండును. దాని వెడల్పు సుమారు 10 మిల్లీమీటర్లు, మందము సుమారు 4 మిల్లీమీటర్లు. అది మాంసకృత్తులతో నిర్మితమైనది. ఆ మాంసకృత్తులు ఒక క్రమములో అమరియున్నంతకాలము కటకము పారదర్శకముగా ఉండును. వయస్సు మీరినకొలది అవి గుంపులుగా పేరుకొని కాంతిని చెదరగొట్టును. ఇదియే శుక్లము. "కంటికి పొర వచ్చినది" అని జనులందురు. నిజమునకు కొత్తగా వచ్చిన పొర యేదియు లేదు. మబ్బు పట్టినది కటకమే.

ఇక ఫిల్ము స్థానమున నున్నది నేత్రపటలము, అనగా రెటీనా. ఇందు కాంతిని గ్రహించు కణములు రెండు విధములు. మసక వెలుతురులో పనిచేయు దండములు సుమారు 12 కోట్లు; పగటి వెలుతురులో రంగులను, సూక్ష్మ వివరములను తెలుపు శంకువులు సుమారు 60 లక్షలు. నేత్రపటలము నడుమ సుమారు 5.5 మిల్లీమీటర్ల వెడల్పు గల ప్రదేశము పసుపుపచ్చగా ఉండును. దానికే పచ్చచుక్క అని పేరు. లాటిను పేరు మాక్యులా లూటియా. ఆకుకూరల నుండి మనకు లభించు లూటిన్, జియాజాంథిన్ అను పదార్థముల వలన దానికి ఆ రంగు వచ్చినది. దాని నడిబొడ్డున ఒక చిన్న గుంట కలదు. ఆ గుంట మధ్యమున దండములు లేవు. శంకువులు మాత్రమే దట్టముగా క్రిక్కిరిసి యుండును. మనము పుస్తకము చదివినను, సూదిలో దారమెక్కించినను, బియ్యములో రాళ్ళేరినను, మనుష్యుల మొగములు గుర్తుపట్టినను ఈ చుక్క వలననే. కటకము మారినంత మాత్రమున ఈ చుక్క మారదు.

పచ్చచుక్క ఎట్లు చెడును?

శంకువులకు ఆహారమందించి, వాటి నుండి వెలువడు వ్యర్థములను తొలగించుటకు నేత్రపటలము వెనుక ఒక పలుచని కణముల వరుస ఉన్నది. ముసలితనమున ఈ వరుస అలసిపోవును. వ్యర్థములు పూర్తిగా పోక, దాని క్రింద పసుపుపచ్చని చిన్నచిన్న ముద్దలుగా పేరుకొనును. వీనిని డ్రూసెన్ అందురు. ఈ ముద్దలు పెద్దవై ఎక్కువైనచో వ్యాధి ముదురుచున్నదని గుర్తు.

ఈ వ్యాధి రెండు రకములు. మొదటిది పొడిరకము. ఇందు కణములు మెల్లమెల్లగా, ఏండ్ల తరబడి క్షీణించును. రోగులలో పదింట తొమ్మిదిమందికి ఉండునది ఇదియే. రెండవది తడిరకము. ఇందు నేత్రపటలము వెనుక నున్న రక్తపటలము నుండి కొత్త రక్తనాళములు మొలిచి లోనికి చొచ్చుకొనివచ్చును. అవి బలహీనమైనవి గనుక వాటినుండి ద్రవము ఊరును, రక్తము కారును. పొడిరకము ఏండ్లలో చేయు నష్టమును తడిరకము కొద్ది వారములలోనే చేయగలదు. ద్వారబంధము, కిటికీ కమ్మీ వంటి తిన్నని గీతలు వంకరగా కనబడుట దీని ముఖ్యలక్షణము. పొడిరకముగా ఉన్న కన్ను ఏనాడైనను తడిరకముగా మారవచ్చును. రెండు రకములలోను పక్కచూపు సాధారణముగా మిగిలియుండును; పోవునది నడిచూపు.

వయస్సు, వంశము, పొగత్రాగుట ఈ వ్యాధికి ముఖ్యమైన తోడ్పాటులు. 1996 నుండి 2000 వరకు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు ప్రాంతములలో పదివేలకు మించిన జనులను పరీక్షించి జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల పరిశీలనలో, చుట్టలు అధికముగా కాల్చిన వారిలో పచ్చచుక్క వ్యాధి ఎక్కువగా కనబడెను. ఆ పరిశీలనలో మరియొక సంగతి కూడ బయటపడినది: అంతకుముందు శుక్లము తీయించుకొనిన వారిలోను ఈ వ్యాధి హెచ్చుగా ఉండెను. దీని అర్థమేమో ముందు చూతము.

నేటి శస్త్రచికిత్స

శుక్లమునకు శస్త్రచికిత్స మన దేశమునకు కొత్తది కాదు. చూపునకు అడ్డముగా నున్న శుక్లమును శలాకతో పక్కకు తొలగించు పద్ధతి సుశ్రుత సంహితలో వర్ణింపబడినది. ఫ్రెంచి వైద్యుడు జాక్ దవియేల్ 1747లో శుక్లమును కంటినుండి వెలుపలికి తీసెను. అయినను కటకము పోయిన కంటికి దళసరి కంటద్దములు తప్పనిసరియయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల పైకప్పు పగిలి, దాని అక్రిలిక్ ముక్కలు వైమానికుల కండ్లలో గుచ్చుకొనినప్పుడు, అవి కంటిలోనే ఉన్నను వాపు కలిగించకుండుటను ఆంగ్ల వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించెను. ఆ పదార్థముతోనే కటకము చేయించి 1949 నవంబరు 29న లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక రోగి కంటిలో అమర్చెను. 1967లో అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్, చెవికి వినబడని అధిక పౌనఃపున్యపు కంపనములతో శుక్లమును కంటిలోనే ముక్కలుచేసి పీల్చివేయు పద్ధతిని కనిపెట్టెను.

నేడు ఈ పద్ధతిలో రెండు మూడు మిల్లీమీటర్ల కోత చాలును. కటకమును చుట్టియుండు సంచి వంటి పలుచని పొరను విడిచిపెట్టి, లోపలి మబ్బుపదార్థమును తీసివేసి, ఆ సంచిలోనే మడత కటకమును అమర్చుదురు. కొంచెము పెద్ద కోతతో, యంత్రము లేకయే, కుట్లు లేకయే చేయు పద్ధతియు మన దేశమున విరివిగా వాడుకలో నున్నది.

అందరికిని కల ముప్పులు

ఎంత నేర్పుతో చేసినను ఏ శస్త్రచికిత్సయు ముప్పు లేనిది కాదు. సంచి వెనుకపొర చినుగుట, నేర్పరుల చేతులలో నూటికి ఒకటి రెండు పర్యాయములు జరుగును. కంటిలోపల సూక్ష్మజీవులు చేరి చీముపట్టుట వేయింటికి ఒకటి, లేక అంతకు తక్కువ; కాని వచ్చినచో చూపు మొత్తము పోవచ్చును. శస్త్రచికిత్స చివర కంటిలోనికి సూక్ష్మజీవినాశకమును ఎక్కించినచో ఈ ముప్పు సుమారు అయిదవ వంతునకు తగ్గునని 2007లో ప్రకటితమైన ఐరోపా పరిశోధన తెలిపెను. కొందరికి కొన్ని వారముల పిదప పచ్చచుక్కలో నీరు చేరి ఉబ్బును; ఇది చాలవరకు మందులతో తగ్గును. అరుదుగా నేత్రపటలము ఊడి వచ్చును.

వృద్ధులకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. దగ్గు, ఆయాసము, మెడ వణకు గలవారు కదలక వెల్లకిల పడుకొనియుండుట కష్టము. ప్రోస్టేటు గ్రంథి పెరిగిన పురుషులు వాడు టాంసులోసిన్ అను మందు, ఐరిస్‌ను వదులుచేసి శస్త్రచికిత్సను కష్టతరము చేయునని 2005లో గుర్తించిరి. ఇది కంటిమందు కాదు గదా అని రోగి చెప్పక ఊరకుండరాదు. ముందుగా తెలిసినచో డాక్టరు తగిన జాగ్రత్తలు తీసికొనగలడు.

పచ్చచుక్క వ్యాధి ఉన్నవారికి అదనముగా ఏమి?

మొదటిది, ఫలితము తగ్గును. అమెరికా జాతీయ నేత్రసంస్థ జరిపిన ఒక దీర్ఘకాల పరిశోధనలో శుక్లము తీయించుకొనిన వారి చూపును అక్షరముల పట్టికతో కొలిచిరి. ఆ పట్టికలో వరుసకు అయిదు అక్షరములు. 2009లో ప్రకటించిన ఫలితములివి: పచ్చచుక్క వ్యాధి లేని కండ్లు సగటున 8.4 అక్షరములు అదనముగా చదువగలిగెను. వ్యాధి స్వల్పముగా నున్న కండ్లు 6.1 అక్షరములు, మధ్యస్థముగా నున్నవి 3.9 అక్షరములు, బాగుగా ముదిరినవి 1.9 అక్షరములు అధికముగా చదివెను. ఈ నాలుగు సంఖ్యలను వరుసగా చూచినచో రెండు సంగతులు తెలియును. వ్యాధి ముదిరినకొలది లాభము తగ్గుచున్నది. అయినను ఏ తరగతిలోను సగటు లాభము సున్న కాలేదు. పట్టికలో అక్షరములు పెరుగకపోయినను వెలుతురు, రంగులు, నడకకు తోడ్పడు పక్కచూపు మెరుగగుటయు కలదు.

రెండవది, శుక్లము చాటున వ్యాధి దాగియుండవచ్చును. మబ్బుపట్టిన కిటికీ గుండా గది లోపలి వస్తువులు కనబడనట్లే, ముదిరిన శుక్లము గుండా డాక్టరునకు నేత్రపటలము స్పష్టముగా కనబడదు. చూపు మందగించుటకు శుక్లమొక్కటే కారణమని రోగియు, కుటుంబమువారును తలంతురు. తడిరకము అప్పటికే మొదలై యున్నను "శుక్లము ముదిరినది" అనుకొని కాలము గడుపుదురు. ఇది అన్నిటికంటె పెద్ద ముప్పు. ఏలన తడిరకమునకు నేడు చికిత్స ఉన్నది. కొత్త రక్తనాళముల పెరుగుదలను అడ్డగించు మందులను కంటిలోనికి సూదితో ఎక్కించుట 2006 నుండి విరివిగా అమలులోనికి వచ్చినది. కాని ఈ మందు పనిచేయుటకు కణములు బ్రతికియుండవలెను. మచ్చ కట్టిన పిమ్మట పోయిన చూపు రాదు.

మూడవది, అమర్చు కటకము ఎంపిక. దూరమునకు, దగ్గరకు ఒకేసారి పనికివచ్చు బహుకేంద్ర కటకములు కాంతిని పంచును గనుక నలుపు తెలుపుల మధ్య తేడా తగ్గి కనబడును. పచ్చచుక్క ఇదివరకే బలహీనముగా నున్నవారికి ఈ నష్టము భారమగును. అందుచేత అట్టివారికి సాధారణముగా ఒకే కేంద్రము గల కటకమునే సలహా ఇత్తురు.

శస్త్రచికిత్స వ్యాధిని ముదిరించునా?

ఇది వైద్యులను చాలకాలము వేధించిన ప్రశ్న. అమెరికాలోని బీవర్ డామ్, ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్ అను ప్రాంతములలో జనులను అయిదేండ్ల పాటు గమనించిన పరిశోధకులు, శుక్లము తీయించుకొనిన కండ్లలో ముదిరిన పచ్చచుక్క వ్యాధి అనేక రెట్లు ఎక్కువగా వచ్చినదని 2003లో ప్రకటించిరి. పైన చెప్పిన ఆంధ్రదేశపు పరిశీలన కూడ ఈ అనుమానమునకు బలమిచ్చునట్లే ఉండెను. మబ్బు కటకము తొలగుటచే నీలకాంతి లోనికి ఎక్కువగా ప్రవేశించుచున్నదనియు, శస్త్రచికిత్స వలని వాపు హాని చేయుచున్నదనియు కారణములు ఊహించిరి.

ఇచ్చట విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఒక మెలకువను నేర్చుకొనవలెను. రెండు సంఘటనలు కలిసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణము కానక్కరలేదు. వయస్సు, పొగత్రాగుట అను రెండును శుక్లమునకును కారణములే, పచ్చచుక్క వ్యాధికిని కారణములే. చూపు మందగించినవారే గదా శస్త్రచికిత్సకు వచ్చువారు. ఆ మందము కొంత పచ్చచుక్క వలననే కలిగియుండవచ్చును. అంతేకాక శుక్లము తొలగినప్పుడు, వెనుక దాగియున్న వ్యాధి మొదటిసారిగా కంటబడును. అప్పుడు కనబడినది అప్పుడే పుట్టినదని భ్రమించుట సహజము.

ఈ భ్రమను పరీక్షించుటకు మార్గము కలదు. 2009లో అమెరికాలో ఒక బృందము శస్త్రచికిత్స అయిన వారమునకే నేత్రపటలమును ఛాయాచిత్రములు తీయగా, తరువాత "ముదిరినది" అని చెప్పదగిన మార్పులలో కొన్ని అప్పటికే ఉన్నట్లు తేలెను. అదే సంవత్సరము జాతీయ నేత్రసంస్థ పరిశోధన, శస్త్రచికిత్స వలన వ్యాధి ముదురుననుటకు స్పష్టమైన ఆధారము కనబడలేదని తెలిపెను. కొద్దిపాటి ముప్పు కూడ లేనేలేదని గట్టిగా చెప్పుట కష్టమే. కాని తొలినాళ్ళలో భయపడినంతటి ముప్పు లేదనుట నేటి వైద్యుల అభిప్రాయము. కావున "నీకు పచ్చచుక్క జబ్బున్నది, శుక్లము ముట్టుకొనరాదు" అను పాతమాట నేడు చెల్లదు. శుక్లమే చూపునకు ముఖ్యమైన అడ్డమైనప్పుడు తీయించుకొనవచ్చును.

ముందు చేయవలసిన పనులు

శస్త్రచికిత్సకు ముందు కంటిపాపను విప్పార్చి నేత్రపటలమును పరీక్షింపజేసికొనవలెను. 1991లో మొదటిసారి ప్రకటితమైన ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ అను పద్ధతిలో, కాంతి ప్రతిఫలనముల సహాయముతో, కంటిని తాకకయే నేత్రపటలపు పొరలను చిత్రించవచ్చును. శుక్లము మరీ ముదిరినచో ఈ చిత్రము సరిగా రాకపోవచ్చును. కనుక మరీ ముదురనిచ్చుట మంచిది కాదు. తడిరకము చురుకుగా నున్నచో ముందు దానికి చికిత్స చేసి, అది నెమ్మదించిన తరువాత శుక్లము తీయుదురు.

ఇంటివారు డాక్టరును తప్పక అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఈ కంటిలో శుక్లము వలని నష్టమెంత, పచ్చచుక్క వలని నష్టమెంత? శస్త్రచికిత్స తరువాత చదువగలుగునా, లేక నడకకు మాత్రమే ఉపయోగమా? ఆ పిమ్మట ఎన్నాళ్ళకొకసారి నేత్రపటలమును పరీక్షింపవలెను? సమాధానములు విని నిర్ణయించుకొనినవారు, ఫలితము కొద్దిదైనను నిరాశపడరు.

పొగత్రాగుట మానవలెను. ఆకుకూరలు భుజించుట మంచిది. వ్యాధి మధ్యస్థముగా నున్నవారికి విటమినులు, జింకు గల ఒక మిశ్రమము, వ్యాధి ముదురు ప్రమాదమును సుమారు నాలుగవ వంతు తగ్గించునని 2001లో తేలినది. ఆ మిశ్రమమున మొదట వాడిన బీటా కెరొటిన్, పొగత్రాగువారికి ఊపిరితిత్తుల కాన్సరు ముప్పును పెంచును గనుక, 2013 నుండి దానికి బదులు లూటిన్, జియాజాంథిన్ వాడుచున్నారు. దీనిని డాక్టరు సలహాపై మాత్రమే తీసికొనవలెను. నడిచూపు పోయినవారికి మంచి దీపము, భూతద్దము, పెద్ద అక్షరములు కొంత ఆసరా ఇచ్చును.

తరగతి గదిలో ఒక గీతలపట్టిక

స్విట్జర్లాండు నేత్రవైద్యుడు మార్క్ ఆంస్లర్ పేర ప్రసిద్ధమైన ఒక పరీక్షను విద్యార్థులు తామే తయారుచేయవచ్చును. తెల్లకాగితముపై 10 సెంటీమీటర్ల చతురస్రము గీయుడు. నిలువుగాను, అడ్డముగాను 5 మిల్లీమీటర్లకొక గీత గీసినచో 400 చిన్న గళ్ళు ఏర్పడును. నడుమ ఒక నల్లచుక్క పెట్టుడు.

ఈ కొలతలలోని గణితము చూడుడు. 5 మిల్లీమీటర్లను 286 మిల్లీమీటర్ల దూరమునుండి చూచినచో ఏర్పడు కోణము 5/286 రేడియనులు, అనగా సుమారు 1 డిగ్రీ. ఒక్కొక్క గడి ఒక డిగ్రీ; మొత్తము పట్టిక 20 డిగ్రీలు. కంటిలో బొమ్మ పడు దూరము సుమారు 17 మిల్లీమీటర్లుగా తీసికొనినచో, 100 మిల్లీమీటర్ల పట్టిక బొమ్మ 17 × 100/286, అనగా సుమారు 6 మిల్లీమీటర్లు. పచ్చచుక్క వెడల్పు 5.5 మిల్లీమీటర్లని పైన చెప్పుకొంటిమి. పట్టిక బొమ్మ పచ్చచుక్కను సరిగా కప్పుచున్నదన్నమాట!

ఈ పట్టికను ఇంటికి తీసికొనిపోయి, అవ్వకో తాతకో చదువుటకు వాడు కంటద్దములు పెట్టి, మంచి వెలుతురులో సుమారు 30 సెంటీమీటర్ల దూరమున చూపింపుడు. ఒక కన్ను మూసి, రెండవ కంటితో నడిమి చుక్కను మాత్రమే చూడవలెను. గీతలు వంకరపోయినను, కొన్ని గళ్ళు మాయమైనను, నడుమ మచ్చ కనబడినను ఆలసింపక కంటి డాక్టరునొద్దకు తీసికొనిపోవలెను. రెండు కండ్లను వేరువేరుగా పరీక్షించుట ముఖ్యము. ఏలన ఒక కన్ను చెడినను, మంచి కన్ను ఆ లోపమును కప్పిపుచ్చును. గీతలు తిన్నగా కనబడినంత మాత్రమున కన్ను నిర్దోషమని కూడ తలంపరాదు; డాక్టరు పరీక్షకు ఈ పట్టిక బదులు కాదు.

మొదట చెప్పిన రెండవ వృద్ధుని ఇంట ఇట్టి పట్టిక గోడకు వ్రేలాడుచున్నచో, ద్వారబంధము వంగినట్లు కనబడిన తొలినాడే ఎవరో ఒకరు దానిని గుర్తించియుందురు. శుక్లము తీయించుటకు తొందర లేదు. నెల ఆగినను కొంప మునుగదు. వంగిన గీత మాత్రము వారమైనను ఆగదు. ఈ భేదము తెలిసిన విద్యార్థి ఇంట ఒక్కడున్నను ఆ ఇంటి వృద్ధులకు మేలు.